మనం తప్పు చేయలేదు, మరి మన బాధ్యత ఏమిటి? ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబానికి జవాబు

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను. మీరు గుంటూరు నుంచి వచ్చి మెల్‌బోర్న్ పశ్చిమ శివారు ట్రుగనీనాలో ఇల్లు కొనుక్కున్నారు. మీ ఆఫీసులో పెద్ద సమావేశాలకు ముందు ఈ నేల అసలు హక్కుదారులైన ఆబొరిజినల్ ప్రజలకు గౌరవం తెలుపుతూ నాలుగు వాక్యాలు చదువుతారు. వచ్చే వారం ఆ పని మీకు అప్పగించారు. మీకు మనసొప్పడం లేదు. "మేము బ్రిటిష్ వాళ్లం కాదు. మా తాతలు కూడా వాళ్ల పాలనలో నలిగినవాళ్లే. మేము ఎవరి నేలా లాక్కోలేదు, అప్పు చేసి కొనుక్కున్నాం. ఈ భారం మాకెందుకు? నిజంగా బాధ్యత ఉందంటే ఏమి చేయాలో చెప్పండి" అని అడిగారు.

నేను ఈ దేశంలో చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. అందులో కొంతకాలం నార్తర్న్ టెరిటరీలో, ఆబొరిజినల్ ప్రజలే నడుపుకునే ఆరోగ్య కేంద్రంలో గడిచింది. ఆ అనుభవంతో, ఒక తెలుగు మనిషిగా మరో తెలుగు మనిషికి ఈ జవాబు రాస్తున్నాను. ఆబొరిజినల్ ప్రజల తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు.

మీరు తప్పు చేయలేదన్నది నిజం. మీ మీద ఎవరూ నేరం మోపడం లేదు. అయితే తప్పు చేశామా లేదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే, జరిగిన తప్పు వల్ల మనకు ఏమి చేతికందింది అన్న రెండో ప్రశ్న అడగం. నా దృష్టిలో మన బాధ్యత అంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

డబ్బు పెట్టి కొన్నాం అన్న మాటనే తీసుకుందాం. గుంటూరులో స్థలం కొనేటప్పుడు అమ్మేవాడి దస్తావేజు ఒక్కటే చూసి డబ్బు ఇవ్వం. లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ఈసీ తీయిస్తాం, తాతల నాటి హక్కుదారు ఎవరో తేలేదాకా సంతకం పెట్టం. ట్రుగనీనాలో మీ ఇంటి విషయంలోనూ అలాగే వెనక్కి వెళ్లండి. ముందు బిల్డర్, అతని కంటే ముందు పొలం యజమాని, ఆ యజమానికి పట్టా ఇచ్చిన బ్రిటిష్ ప్రభుత్వం. దానికి ముందు? 1835 జూన్‌లో జాన్ బాట్‌మన్ అనే వలసదారు, ఈ ప్రాంతపు ఆబొరిజినల్ జనమైన కులిన్ ప్రజల పెద్దలకు దుప్పట్లు, గొడ్డళ్లు, కత్తులు, అద్దాలు, పిండి లాంటివి ఇచ్చి, దాదాపు 6 లక్షల ఎకరాలు తనకు రాసిచ్చారని చెప్పుకున్నాడు. ఆ ఆగస్టులోనే గవర్నర్ రిచర్డ్ బర్క్ ఈ ఒప్పందం చెల్లదని ప్రకటించాడు. కులిన్ ప్రజలకు అన్యాయం జరిగిందని ఆయన అలా అనలేదు. నేలంతా బ్రిటిష్ రాజుదే కాబట్టి అమ్మే హక్కు వాళ్లకు లేదన్నాడు. లింకు డాక్యుమెంట్లు అక్కడితో తెగిపోతాయి. మీ ఊళ్లో ఇలాంటి స్థలాన్ని మీరు కొని ఉండేవారు కాదు.

బ్రిటిష్ వాళ్లు రాకముందు ఇది ఎవరికీ చెందని నేల అన్న, ఆ ప్రకటన వెనకున్న వాదనను ఆస్ట్రేలియా హైకోర్టు 1992 జూన్ 3న మాబో కేసులో కొట్టేసింది. టోరెస్ జలసంధిలోని మెర్ ద్వీపానికి చెందిన ఎడ్డీ మాబో దీనికోసం పదేళ్లు పోరాడి, తీర్పుకు కొద్ది నెలల ముందు, ఆ జనవరిలో చనిపోయారు. ఆ తీర్పు వల్ల మీ ఇంటికి వచ్చిన ప్రమాదమేమీ లేదు. ప్రభుత్వం ఒకసారి పూర్తి యాజమాన్య హక్కుతో ప్రైవేటు పట్టా ఇచ్చిన చోట ఆదిమ హక్కు రద్దయినట్టేనని చట్టం చెబుతోంది. అంటే మీరు రాత్రి నిశ్చింతగా నిద్రపోవడానికి కారణమైన ఆ చట్టమే, అక్కడ వేల ఏళ్లుగా బతికినవారి హక్కును కూడా రద్దు చేసింది. ఇల్లు వదిలేయమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. ఈ సంగతి తెలిసి బతకమంటున్నారు.

మీ ఊరి పేరు కూడా తెలుసుకోండి. ట్రుగనీనా అన్నది టాస్మేనియా ద్వీపానికి చెందిన ట్రుగనీని అనే స్త్రీ పేరు మీద వచ్చింది. ఆమె 1876లో చనిపోయారు. తన శరీరాన్ని పరిశోధనలకు వాడవద్దని బతికుండగానే వేడుకున్నా, ఆమె ఎముకలను తవ్వితీసి 1904 నుంచి 1947 దాకా మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. చివరికి 1976లో, ఆమె చనిపోయిన నూరేళ్లకు, చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు. ఆమెతో టాస్మేనియా ఆబొరిజినల్ జాతి అంతరించిందని చాలా పుస్తకాల్లో రాశారు. అది అబద్ధం, వాళ్ల వారసులు ఈరోజుకూ వేలల్లో ఉన్నారు. మనవాళ్లు ఆ ఊళ్లో గృహప్రవేశాలు చేసుకుంటున్నారు, సంతోషమే. ఆ పేరు వెనుక ఒక మనిషి ఉందని పిల్లలకు చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టదు.

ఇక తాతల విషయం. మన తాతలూ అదే సామ్రాజ్యం కింద నలిగారు, అందులో సందేహం లేదు. కానీ మనకు 1947లో దేశం తిరిగి వచ్చింది. మన భాష, మన పొలాలు, మన గుళ్లు మన దగ్గరే ఉన్నాయి. ఈ దేశం కూడా 1901 నుంచి మనలాంటి వారిని రానివ్వకుండా చట్టం చేసుకుంది. ఆ శ్వేత ఆస్ట్రేలియా విధానం పూర్తిగా పోయింది 1973లో. ఆ తలుపు తెరుచుకున్నాక మనం చదువుతో, నైపుణ్యంతో వచ్చాం. 2021 జనగణన నాటికి ఇక్కడ తెలుగు ఇంటిభాషగా ఉన్నవాళ్లు దాదాపు 59 వేలమంది. శాశ్వత నివాసం కోసం మనవాళ్లు రాసే తెలుగు అనువాద పరీక్ష ఉంది కదా, అందులో నెగ్గితే 5 పాయింట్లు కలుస్తాయి. మన అమ్మభాష మనకు ఈ దేశంలో పాయింట్లు తెచ్చిపెట్టింది. 1788లో బ్రిటిష్ వాళ్లు వచ్చేనాటికి ఇక్కడ 250కి పైగా భాషలు ఉండేవి. మిషన్లలో, హాస్టళ్లలో ఆ భాషలు మాట్లాడిన పిల్లలను కొట్టారు. ఇదంతా పాత కథ అనుకోవద్దు. 2008లో కూడా నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వం బడిలో మొదటి నాలుగు గంటలూ ఇంగ్లిష్‌లోనే బోధించాలని ఆదేశించింది, అప్పటిదాకా రెండు భాషల్లో నడిచిన బడులతో సహా. ఇంగ్లిష్ రాకుండా బడికి వచ్చే అయిదేళ్ల పిల్లకు ఆ నాలుగు గంటలు ఎలా గడుస్తాయో, ఊళ్లో తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో హఠాత్తుగా ఇంగ్లిష్‌లో పడిన మనకు కొంచెం తెలుసు.

మనకు ఇక్కడ వివక్ష లేదని నేను అనడం లేదు. 2009లో మెల్‌బోర్న్‌లో భారతీయ విద్యార్థుల మీద జరిగిన దాడులు నాకు బాగా గుర్తు. రంగు చూసి, యాస విని మనల్ని తక్కువ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది, మనకు అందిన సౌకర్యం, రెండూ ఒకే మనిషి జీవితంలో పక్కపక్కనే ఉండగలవు. ఒకటి ఉంది కాబట్టి రెండోది లేదనుకోవడం దగ్గరే చాలామంది భారతీయులు తడబడతారు. ఆబొరిజినల్ ప్రజలు, టోరెస్ జలసంధి ద్వీపవాసులు కలిపి ఈ దేశ జనాభాలో 4 శాతం కూడా లేరు. జైళ్లలో మాత్రం మూడో వంతుకు పైగా వాళ్లే. సగటు ఆయుర్దాయం మిగతావారికంటే 8 ఏళ్లకు పైగా తక్కువ. మనకు ఎదురయ్యే వివక్షకు ఇటువంటి ఫలితాలు లేవు.

ఇప్పుడు నా రంగంలోకి వస్తాను. మనవాళ్లు ఇక్కడ ఎక్కువగా వైద్యంలో, నర్సింగ్‌లో, వృద్ధుల సంరక్షణలో, ఐటీలో ఉన్నారు. విదేశాల్లో చదివిన డాక్టర్లు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కింద రోగులను చూడాలంటే, సాధారణంగా పదేళ్ల దాకా డాక్టర్లు తక్కువగా ఉన్న ప్రాంతాల్లో పనిచేయాలన్న నిబంధన ఉంది. అందువల్ల మారుమూల ఆబొరిజినల్ సమాజాల్లో రోగికి మొదట కనిపించే డాక్టరు చాలాసార్లు మన దేశం నుంచి వచ్చినవారే. మన సంఘీభావానికి అసలు పరీక్ష సభల్లో కంటే ముందు అక్కడ ఎదురవుతుంది.

2014 ఆగస్టులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని సౌత్ హెడ్‌లాండ్‌లో 22 ఏళ్ల ఒక ఆబొరిజినల్ యువతిని జరిమానాలు కట్టలేదని పోలీసులు నిర్బంధించారు. ఆమెను మిస్ డూ అనే రాస్తారు, సంప్రదాయం రీత్యా చనిపోయినవారి మొదటి పేరు వాడరు. పక్కటెముక విరిగిన చోట సోకిన ఇన్‌ఫెక్షన్ శరీరమంతా పాకుతోంది. నొప్పితో అరిచింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు, తిప్పి పంపారు, మళ్లీ తీసుకెళ్లారు, మళ్లీ తిప్పి పంపారు. ఆమె బాధ ప్రవర్తనకు సంబంధించినదని రికార్డులో రాశారు. నటిస్తోందని పోలీసులు అనుకున్నారు. మూడోసారి తీసుకెళ్లేసరికి చాలా ఆలస్యమైపోయింది, ఆగస్టు 4న ఆమె చనిపోయింది. పోలీసులు అమానుషంగా ప్రవర్తించారని, వైద్యంలో లోపాలున్నాయని 2016లో విచారణాధికారి తేల్చారు. నిర్బంధంలో మరణాల మీద వేసిన రాయల్ కమిషన్ 339 సిఫార్సులు చేసింది 1991లోనే. ఆ తర్వాత 23 ఏళ్లకు జరిగిన మరణం ఇది.

ఆమెను చూసిన వాళ్లంతా చెడ్డవాళ్లని నేను అనుకోను. రోగి లోపలికి అడుగుపెట్టగానే ఒక అభిప్రాయం ఏర్పడింది, ఆ తర్వాత నొప్పి ఎవరికీ కనిపించలేదు. కాబట్టి వైద్యంలో ఉన్న మనవాళ్లందరినీ నేను బతిమాలి చెప్పేది ఇది. తాగి ఉంది, నటిస్తోంది, మందులు వాడదు అన్న మాట డ్యూటీ మారేటప్పుడు మీకు అప్పజెబితే, దాన్ని పక్కన పెట్టి జ్వరం, నాడి, రక్తపోటు మీరే మళ్లీ చూడండి. ఫైలులో ఆధారం లేకుండా రాసిన మాట కనిపిస్తే పైవారిని అడగండి. వీసా భయం వల్ల మనం చాలాసార్లు నోరు మెదపం, ఆ భయం నాకు తెలుసు. అయినా అడగాలి.

సంభాషణ తీరు గురించి కూడా చెప్పాలి. నార్తర్న్ టెరిటరీ సుప్రీంకోర్టు 1976లో అనుంగా కేసులో పోలీసు విచారణలకు కొన్ని నియమాలు పెట్టింది. ఆబొరిజినల్ వ్యక్తులు మర్యాద కొద్దీ ఎదుటివారు కోరుకునే జవాబే చెప్పే అవకాశం ఉంటుంది కాబట్టి, జవాబును సూచించే ప్రశ్నలు వేయకూడదని, అవసరమైతే దుబాసీ ఉండాలని అందులో ఉంది. ఇది పోలీసులకే కాదు, ఆపరేషన్‌కు అంగీకారపత్రం తీసుకునే డాక్టరుకూ, ఫోనులో ఫిర్యాదు నమోదు చేసే ఉద్యోగికీ వర్తిస్తుంది. "అర్థమైందా?" అని అడిగితే "అవును" అంటారు. అర్థమైనదేమిటో వాళ్ల మాటల్లో చెప్పమని అడగాలి. ప్రశ్న వేశాక మౌనం వస్తే దాన్ని మన మాటలతో నింపకూడదు. ఆలోచించి చెప్పడం అక్కడ గౌరవానికి గుర్తు. తెలుగువాళ్లం మౌనాన్ని రెండు సెకన్లు కూడా భరించలేం, ఇది నేర్చుకోవడానికి మనకు కొంచెం ఎక్కువ సాధన కావాలి. కళ్లలోకి సూటిగా చూడకపోవడం గురించి మాత్రం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, పెద్దల ముందు తల దించుకునే ఇళ్ల నుంచే వచ్చాం.

మద్దతు ఎలా ఉండాలో చెప్పడానికి నేను ఎప్పుడూ వేవ్ హిల్ కథ చెబుతాను. 1966 ఆగస్టు 23న విన్సెంట్ లింగియారి నాయకత్వంలో గురిండ్జి అనే ఆబొరిజినల్ జాతి కూలీలు, వాళ్ల కుటుంబాలు నార్తర్న్ టెరిటరీలోని వేవ్ హిల్ పశువుల క్షేత్రం వదిలి బయటికి నడిచారు. బయటి సంఘాలు అది కూలి కోసం జరిగిన సమ్మె అనుకున్నాయి. గురిండ్జి పెద్దలు త్వరలోనే స్పష్టం చేశారు, తమకు కావలసింది తమ నేల అని. ఇక్కడ మద్దతుదారుల గొప్పతనం కనిపిస్తుంది. కార్మిక సంఘాలు, రచయిత ఫ్రాంక్ హార్డీ లాంటివారు తమ అవగాహన మార్చుకున్నారు. గురిండ్జి పెద్దలు చెప్పినది గవర్నర్ జనరల్‌కు వినతిపత్రంగా రాయడంలో సాయపడ్డారు, సరుకులు పంపారు, నగరాల్లో సభలు పెట్టి డబ్బు పోగుచేశారు. ఏమి అడగాలన్న నిర్ణయం మాత్రం గురిండ్జి ప్రజల చేతుల్లోనే ఉంది. 1975 ఆగస్టు 16న ప్రధాని గాఫ్ విట్లమ్ అక్కడికి వచ్చి పిడికెడు మట్టి లింగియారి చేతిలో పోశారు. తొమ్మిదేళ్లు పట్టింది. కంటి డాక్టరు ఫ్రెడ్ హాలోస్ చేసినదీ ఇటువంటిదే. 1971లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో ఆబొరిజినల్ ప్రజలు తమ సొంత వైద్య కేంద్రం మొదలుపెట్టినప్పుడు ఆయన తోడు నిలిచాడు, దానికి యజమాని కావాలని చూడలేదు. నేను పనిచేసిన లాంటి కేంద్రాలన్నిటికీ దారి చూపింది ఆ రెడ్‌ఫర్న్ కేంద్రమే.

సంఘీభావం అంటే పైనున్నవాళ్లు కిందివాళ్లకు చేసే ఉపకారం అనుకునేవారికి విలియం కూపర్ గురించి చెప్పండి. ఆయన యోర్టా యోర్టా అనే ఆబొరిజినల్ జాతి పెద్ద. 1938 డిసెంబరు 6న, జర్మనీలో యూదుల మీద జరిగిన దాడులను నిరసిస్తూ మెల్‌బోర్న్‌లోని జర్మన్ కాన్సులేట్‌కు ఆబొరిజినల్ ప్రతినిధి బృందంతో నడిచివెళ్లారు. కాన్సులేట్ వాళ్ల నిరసన పత్రం తీసుకోలేదు. సొంత దేశంలో తమకే సమాన హక్కులు లేని రోజుల్లో, ఎప్పుడూ చూడని మనుషుల కోసం చేసిన పని అది.

అదే ఏడాది జనవరి 26న, బ్రిటిష్ నౌకల రాకకు 150 ఏళ్లని దేశమంతా సంబరాలు చేసుకుంటుంటే, కూపర్, ఆయన సహచరులు సిడ్నీలో సంతాప దినం జరిపారు. ఇది మనకు ప్రత్యేకంగా తగిలే విషయం, ఎందుకంటే మన గణతంత్ర దినోత్సవమూ ఆ రోజే. తెలుగు సంఘాలు ఉదయం మన జెండా ఎగరేసి, సాయంత్రం ఆస్ట్రేలియా డే విందు చేస్తాయి. గణతంత్ర దినోత్సవం మానమని నేను అనను, వలసపాలన నుంచి బయటపడిన దేశం పండుగ అది. రెండో విందు అవసరమా అని మాత్రం మీ సంఘం కార్యవర్గాన్ని అడగండి. మీకు పౌరసత్వ వేడుక జనవరి 26న పడితే వేరే తేదీ ఇవ్వమని కౌన్సిల్‌ను కోరవచ్చు.

ఇంకా కష్టమైన పని మన ఇళ్లలోనే ఉంది. శనివారం విందుల్లో ఈ మాటలు మీరూ వినే ఉంటారు: "వాళ్లకు ప్రభుత్వం అన్నీ ఉచితంగా ఇస్తుంది", "తాగి పడుంటారు", "ఆవిడ తెల్లగా ఉంది, ఆబొరిజినల్ ఏమిటి?" మొదటి మాటకు జవాబు క్వీన్స్‌లాండ్‌లో ఉంది. దశాబ్దాల పాటు ప్రభుత్వం తన చేతిలో పెట్టుకుని ఇవ్వకుండా ఉంచిన ఆబొరిజినల్ కార్మికుల వేతనాల కోసం కేసు వేస్తే, 2019లో 19 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. రెండో మాటకు జవాబు, అసలు మద్యం ముట్టనివారి శాతం ఆబొరిజినల్ ప్రజల్లో మిగతావారికంటే తక్కువేమీ కాదు. మూడోది అన్నిటికంటే క్రూరమైనది. ఎంత భాగం రక్తం అని లెక్కలు కట్టి మరీ పిల్లలను తల్లుల దగ్గర నుంచి లాక్కెళ్లారు. 1910 నుంచి 1970 దాకా ప్రతి పదిమందిలో ఒకరి నుంచి ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా అలా దూరమయ్యారని 1997 నాటి జాతీయ విచారణ నివేదిక చెప్పింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది దీనికే. కాబట్టి ఎవరి రంగునూ కొలవవద్దు.

ఈ మాటలు మనకు కొత్తవి కావు. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ప్రాంతాల ఆదివాసుల గురించి మన బంధువులు ఇవే అన్నారు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని 1/70 చట్టం ఉన్నా, బినామీ పేర్లతో కొన్నవాళ్లు మన జిల్లాల వాళ్లే. అక్కడ మనం ఎటువైపు నిలబడ్డామో నిజాయితీగా చూసుకుంటే, ఇక్కడ వాళ్లు ఏమి అడుగుతున్నారో త్వరగా అర్థమవుతుంది.

2023 అక్టోబరు 14న పార్లమెంటుకు సలహా ఇచ్చే ఆదిమ ప్రజల సంస్థ కోసం జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 60 శాతం మంది వద్దన్నారు. చాలా మారుమూల ఆబొరిజినల్ సమాజాల పోలింగ్ కేంద్రాల్లో మాత్రం అవును అన్నవాళ్లే ఎక్కువ. మన ఇళ్లలో చాలామంది ఏమీ చదవకుండా ఓటు వేశారు. విక్టోరియా పార్లమెంటు 2025లో ఆదిమ ప్రజలతో ఒప్పందానికి చట్టం చేసింది. ఇప్పుడైనా దాన్ని చదవండి, వచ్చే ఎన్నికల్లో మీ అభ్యర్థిని దాని గురించి అడగండి.

వచ్చే వారం మీరు చదవవలసిన నాలుగు వాక్యాల విషయానికి వస్తే, చదవండి. స్వాగతం పలకడం ఆ నేల పెద్దలకు మాత్రమే చెందిన హక్కు, మీరు చేసేది గౌరవం తెలపడం, ఈ రెండూ కలపవద్దు. మీ ఆఫీసు ఎవరి నేల మీద ఉందో విక్టోరియా ప్రభుత్వ పటంలో చూసుకోండి, మధ్య మెల్‌బోర్న్‌లో అయితే వురుంజెరి, బునురాంగ్ ప్రజల పేర్లు వింటారు. పేరు పలకడం ముందే నేర్చుకోండి. మన పేర్లు తప్పుగా పలికితే ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా. కాగితంలోని వాక్యాలకు మీ సొంత వాక్యం ఒక్కటి చేర్చండి, ట్రుగనీని గురించి చెప్పినా సరిపోతుంది. మీ తాతల బాధ అక్కడ చెప్పవద్దు, దానికి వేరే సందర్భం ఉంది.

మీ ఆఫీసులో ఆబొరిజినల్ సహోద్యోగి ఒక్కరే ఉంటే, సందేహాలన్నీ ఆమె మీద కుమ్మరించవద్దు. ప్రతి సమావేశంలో జాతి మొత్తం తరఫున జవాబు చెప్పే ఆ పనికి ఎవరూ జీతం ఇవ్వరు. కొనుగోళ్లు మీ చేతిలో ఉంటే సప్లై నేషన్ జాబితాలో ఆబొరిజినల్ వ్యాపారాలను వెతకండి. ఇంటికి చిత్రం కొనాలనుకుంటే గీసినవారి పేరు, ఊరు తెలిసిన ఆర్ట్ సెంటర్ నుంచి కొనండి. ప్రతి నెలా కొంత డబ్బు ఆబొరిజినల్ సంస్థకు అద్దెలాగా ఇచ్చే కుటుంబాలు ఉన్నాయి, నేనూ ఇస్తాను.

ఏటా జూలై మొదటి ఆదివారం నుంచి రెండో ఆదివారం దాకా, ఆబొరిజినల్ ప్రజల, టోరెస్ జలసంధి ద్వీపవాసుల చరిత్రను, సంస్కృతిని గౌరవించే నైడాక్ వారోత్సవాలు జరుగుతాయి. చాలా కార్యక్రమాలు అందరికీ తెరిచే ఉంటాయి. పిల్లలను తీసుకుని వెళ్లండి. అక్కడ పెద్దలను అంకుల్, ఆంటీ అని పిలవడం వింటారు. మనం వయసు చూసి అందరినీ అలా పిలుస్తాం, అక్కడ అది సమాజం ఇచ్చిన గౌరవం, కాబట్టి వాళ్లు ఎలా పరిచయం చేసుకుంటే అలాగే పిలవండి. స్టాళ్లలో భోజనం కొనండి, చెప్పేది వినండి. వచ్చే ఏడాది ఏర్పాట్లకు మనుషులు కావాలంటే పేరు ఇచ్చి, ఏ పని చెబితే ఆ పని చేయండి.